రామగుండం ఎండలకు చిక్కటి ఇంజిన్ ఆయిల్ కావాలా? నేనైతే వద్దంటాను

ఫోన్ కొనేముందు మనం అడగని ప్రశ్న ఉండదు. ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లది, చార్జర్ ఎన్ని వాట్లు, డిస్‌ప్లే ఎన్ని నిట్స్, వాటర్ రేటింగ్ ఐపీ68 ఆ ఐపీ69 ఆ... పదిహేను వేల ఫోన్ కోసం పదిహేను వీడియోలు చూస్తాం. అదే మనం, పది లక్షల కారుని షెడ్‌లో పెట్టి "అన్నా, ఆయిల్ మార్చు" అని చెప్పేసి పక్కన చాయ్ తాగడానికి పోతాం. పోసింది ఏ గ్రేడో, డబ్బా మీద ఏం రాసుందో చూసేవాళ్లు నాకు పెద్దగా కనిపించరు.

గ్యాడ్జెట్ల సైట్‌లో ఈ ఇంజిన్ ఆయిల్ గోల ఏంటని కొందరికి అనిపించొచ్చు. నాకైతే ఆయిల్ డబ్బా కూడా ఒక స్పెక్ షీటే. ఫోన్ బాక్స్ వెనక చిన్న అక్షరాలు చదవడం వచ్చినవాళ్లకి ఇది చదవడం పెద్ద కష్టం కాదు. పైగా ఇక్కడ స్పెక్ తప్పితే యాప్ హ్యాంగ్ అవ్వడం, బ్యాటరీ త్వరగా దిగిపోవడం లాంటి చిన్న నష్టాలు కావు. ఇంజిన్ బోరుకొస్తుంది.

మాది గోదావరిఖని. మా దగ్గర కార్ల సీజన్ దసరాకి మొదలవుతుంది, ఎందుకంటే సింగరేణి లాభాల వాటా చేతికొచ్చేది ఆ రోజుల్లోనే. 2024లో లాభాల్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేలు. ఆ డబ్బు కొందరికి కొత్త కారు డౌన్ పేమెంట్ అవుతుంది, ఇంకొందరికి సెకండ్ హ్యాండ్ కారు అవుతుంది. భూమి లోపలికి దిగి, లేకపోతే ఓపెన్‌కాస్ట్‌లో దుమ్ము మింగి సంపాదించిన డబ్బు అది. అందుకే ఆ కారు మొదటి సర్వీసులోనే తప్పుడు ఆయిల్ తాగుతుంటే నాకు ఊరుకోబుద్ధి కాదు.

ఇంజిన్‌కి మన మే నెల కూడా చలికాలమే

మా ఏరియాలో ఏ షెడ్‌కి వెళ్లినా వినపడే మాట ఒకటుంది. "మన దగ్గర ఎండ 45 దాటుతది తమ్మీ. గంత ఎండకు నీళ్లలెక్క ఉన్న ఆయిల్ ఆగుతదా? చిక్కటిది పోయాలె." వినడానికి చాలా సబబుగా ఉంటుంది. వేడికి ఆయిల్ పల్చబడుతుంది, అది నిజం. రామగుండంలో ఎండ ఎక్కువ, అదీ నిజం. రెండు నిజాలు కలిపితే మూడోది కూడా నిజమే అయ్యుండాలి అనిపిస్తుంది. అక్కడే లెక్క తప్పుతోంది.

ముందు ఆ నంబర్ల సంగతి చూద్దాం. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉందనుకోండి. డబ్ల్యూ అంటే వింటర్. చాలామంది వెయిట్ అనుకుంటారు, కాదు. దాని ముందున్న అంకె చలిలో ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూని మైనస్ 30 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూని మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. వెనకున్న 30 అనేది ఆయిల్ 100 డిగ్రీల వేడి మీద ఉన్నప్పటి చిక్కదనం. ఈ గ్రేడులన్నీ ఎస్‌ఏఈ అనే సంస్థ జే300 అనే ప్రమాణంలో పెట్టింది. దాని ప్రకారం 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడు అంటే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ లోపు, 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. సెంటీస్టోక్ అనేది చిక్కదనానికి కొలత. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: అంకె పెరిగితే చిక్కదనం పెరుగుతుంది, క్వాలిటీ కాదు. మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే మంచి కెమెరా అనుకునే రోజులు పోయాయి కదా, ఇది కూడా అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఆయిల్ కంపెనీలు తమ సైట్లలో ప్రతి ఆయిల్‌కి డేటా షీట్ పెడతాయి. అందులో చిక్కదనం రెండు చోట్ల కొలిచి ఇస్తారు: 40 డిగ్రీల దగ్గర ఒకటి, 100 డిగ్రీల దగ్గర ఒకటి. ఒక మామూలు 5డబ్ల్యూ-30 తీసుకుంటే 100 డిగ్రీల దగ్గర పది, పదకొండు సెంటీస్టోక్స్ ఉంటుంది. అదే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 60. అంటే దాదాపు ఆరు రెట్లు చిక్కగా ఉంటుంది. 20డబ్ల్యూ-50 అయితే 40 డిగ్రీల దగ్గర 160 అటూఇటూ ఉంటుంది.

ఆ 40 డిగ్రీలు ఎక్కడో ల్యాబ్ ముచ్చట కాదు, మే నెలలో మన కాలనీ చెట్టు కింద ఆగి ఉన్న కారు వేడి అది. మనకు మాడు పగిలే ఎండ. ఇంజిన్ ఆయిల్‌కి మాత్రం తను పని చేయాల్సిన వేడి కన్నా 60 డిగ్రీలు తక్కువ. ఇంజిన్ వైపు నుంచి చూస్తే రామగుండంలో ఎండాకాలం అనేదే లేదు. ఒక చలికాలం, ఒక పెద్ద చలికాలం, అంతే. సెకండ్ షిఫ్ట్‌కి మధ్యాహ్నం బండి స్టార్ట్ చేసినా అది ఆయిల్‌కి చల్లటి స్టార్టే.

మరి ఇంజిన్ నడుస్తున్నప్పుడు బయటి ఎండ లోపలికి రాదా? వస్తుంది, కానీ మనం అనుకున్నంత కాదు. కూలెంట్ దారిలో థర్మోస్టాట్ ఉంటుంది, రేడియేటర్‌కి ఫ్యాన్ ఉంటుంది. బయట 15 ఉన్నా 45 ఉన్నా కూలెంట్‌ని 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచడమే వాటి డ్యూటీ. ఆయిల్ దానికన్నా కాస్త పైన నడుస్తుంది. ఇంజిన్‌ని తయారుచేసేవాళ్లు ఈ దేశంలో 45 డిగ్రీల ఎండ ఉంటుందని తెలియక గ్రేడు రాయరు. ఇక్కడ అమ్మే కారు మాన్యువల్ ఇక్కడి కోసమే రాసింది.

మా వైపు కార్లు వేడెక్కడానికి నేను చూసిన కారణం చాలాసార్లు వేరే ఉంటుంది: రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము గడ్డకట్టి గాలి ఆడకపోవడం. బొగ్గు లారీల వెనక రోజూ తిరిగే కారుకి ఇది మామూలే. దానికి చిక్కటి ఆయిల్ పోయడం, ఫోన్ వేడెక్కుతోందని స్క్రీన్ గార్డ్ మార్చడం లాంటిది.

మేస్త్రీ చెప్పింది అబద్ధం కాదు, పాతది

ఒక మాట చెప్పాలి. ఆ మేస్త్రీలని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అంబాసిడర్ నుంచి మారుతి 800 దాకా, జీపుల దాకా చేతులతో విప్పి బిగించినవాళ్లు. ఆ ఇంజిన్లలో భాగాల మధ్య సందులు ఎక్కువ, అవి అరిగితే ఇంకా ఎక్కువ. వాటికి 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 సరిపోయాయి, చాలా వాటికి మాన్యువల్‌లో రాసిందే అది. వాళ్ల అనుభవం నిజమైనదే. ఇంజిన్లు మారాయి.

ఇప్పటి ఇంజిన్‌లో ఆయిల్ పని రాపిడి తగ్గించడం ఒక్కటే కాదు. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వ్యవస్థ, అంటే వీవీటీ, చాలా ఇంజిన్లలో ఆయిల్ ప్రెజర్‌తోనే కదులుతుంది. సన్నటి దారుల్లోంచి, చిన్న జల్లెడల్లోంచి ఆయిల్ వెళ్లి అటూ ఇటూ నెట్టాలి. టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ కూడా ఆయిల్ ప్రెజర్ మీదే ఆధారపడుతుంది. టర్బో ఉంటే దాని ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని కాచేది ఆయిల్ పొరే. ఇవన్నీ ఒక చిక్కదనాన్ని మనసులో పెట్టుకుని డిజైన్ చేసినవి. అందుకే కొత్త మారుతి పెట్రోల్ ఇంజిన్లకు 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 లాంటి గ్రేడులు వచ్చాయి. "మైలేజీ కోసం కంపెనీలు ఇంజిన్‌ని బలి చేస్తున్నాయి" అనేవాళ్లున్నారు. మైలేజీ కోసం పల్చటి ఆయిల్ వైపు వెళ్లారనేది నిజమే. కానీ దానికి తగ్గట్టు బేరింగులు, పంపు అన్నీ మార్చి మరీ వెళ్లారు. పాత ఇంజిన్‌లో 0డబ్ల్యూ-16 పోస్తే ఎంత తప్పో, దీంట్లో 20డబ్ల్యూ-50 పోయడమూ అంతే తప్పు.

మా బావ కారు సంగతే చూడండి. చిన్న టర్బో పెట్రోల్, మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20. ఓ షెడ్‌లో 20డబ్ల్యూ-50 పోసి పంపారు, "గిది పోస్తే ఇంజిన్ ఇనుములెక్క ఉంటది" అని భరోసా కూడా ఇచ్చారు. వారం తిరగకుండా పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని శబ్దం మొదలైంది. పికప్ తగ్గింది. తర్వాత చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే క్యామ్ టైమింగ్ ఆలస్యం అవుతోందని కోడ్. (ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ స్కానరే అది. కారున్న ప్రతి గ్యాడ్జెట్ పిచ్చోడి దగ్గర ఉండాల్సిన వస్తువు, దాని గురించి ఇంకోసారి.) ఆయిల్, ఫిల్టర్ మార్చి సరైన గ్రేడు పోయించాం, కోడ్ మళ్లీ రాలేదు. బావ అదృష్టం, వారంలోనే లైటు వెలిగింది. లైటు వెలగకుండా రెండేళ్లు అలాగే తిరిగే కార్లు మా ఊళ్లో ఎన్నో.

డంపర్‌కి పోసేది కారుకి ఎందుకు పనికిరాదు

గ్రేడు ఒక్కటే చూసి ఆగిపోతే సగం స్పెక్ షీట్ చదివినట్టే. ర్యామ్ ఎన్ని జీబీ అని చూసి, అది ఏ తరందో చూడకపోవడం లాంటిది. డబ్బా మీద ఇంకో లైను ఉంటుంది: ఏపీఐ ఎస్‌పీ, ఏపీఐ సీకే-4, ఏసీఈఏ సీ3 లాంటివి. అసలు క్వాలిటీ సంగతి అక్కడుంది.

ఏపీఐలో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజిన్లకి, సీతో మొదలయ్యేవి డీజిల్‌కి. రెండో అక్షరం అక్షరమాలలో ముందుకు పోయేకొద్దీ కొత్త తరం. ఎస్‌ఎన్ 2010లో వచ్చింది, ఎస్‌పీ 2020లో, ఎస్‌క్యూ 2025లో. ఎస్‌పీలో రెండు విషయాలు నాకు ముఖ్యం. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో తక్కువ స్పీడు, ఎక్కువ లోడ్ మీద పెట్రోల్ తన సమయం కంటే ముందే అంటుకుని పిస్టన్‌ని దెబ్బతీసే సమస్య ఒకటుంది, దాన్ని తగ్గించే పరీక్ష అందులో ఉంది. టైమింగ్ చైన్ అరుగుదల పరీక్ష కూడా ఉంది. టర్బో పెట్రోల్ కారున్నవాళ్లు ఎస్‌పీకి తక్కువ ఏదీ ఒప్పుకోవద్దని నా మాట. యూరోపియన్ కంపెనీల కార్లకు వాళ్ల సొంత నంబర్లు కూడా ఉంటాయి, మాన్యువల్‌లో ఆ నంబర్ ఉంటే డబ్బా మీద కూడా అదే నంబర్ ఉండాలి.

డీజిల్ వాళ్ల కథ ఇంకా సీరియస్. మా దగ్గర ఇంకో పేరున్న సలహా ఉంది: "ఓసీలో వంద టన్నుల డంపర్‌కే 15డబ్ల్యూ-40 పోస్తరు, నీ కారెంత?" డంపర్ ఇంజిన్‌కి 15డబ్ల్యూ-40 హెవీ డ్యూటీ ఆయిల్ సరిగ్గా సరిపోతుంది. కానీ 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. మసిని అది పట్టుకుంటుంది, తర్వాత వేడెక్కి ఆ మసిని తనే కాల్చేస్తుంది. ఇంజిన్ కొద్దికొద్దిగా తాగే ఆయిల్ కూడా కాలి అక్కడికే చేరుతుంది. ఆయిల్‌లో ఉండే కాల్షియం, జింకు లాంటి లోహాల మందులు కాలవు, బూడిదగా మిగిలిపోతాయి.

బొగ్గు కాలిపోతుంది, బూడిద మిగిలిపోతుంది. ఈ ముక్క ఎన్టీపీసీ పక్కన పుట్టి పెరిగినవాళ్లకి ఎవరైనా చెప్పాలా? 2600 మెగావాట్ల ప్లాంటు బూడిదని పంపడానికి కుందనపల్లి దగ్గర చెరువే ఉంది. కారు డీపీఎఫ్‌కి ఆ చెరువు లేదు. వచ్చిన బూడిద వచ్చినట్టు అందులోనే పేరుకుంటుంది, ఎన్నిసార్లు కాల్చినా పోదు. అందుకే బీఎస్6 డీజిల్‌కి తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్ కావాలి. ఏసీఈఏ సీ2, సీ3 అని రాసున్నవాటిలో బూడిద 0.8 శాతం మించకూడదు. పాత సీఐ-4 డీజిల్ ఆయిల్స్‌లో దానికి రెట్టింపు దాకా ఉండొచ్చు. డీపీఎఫ్ మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దాటొచ్చు, అంటే దసరా వాటాలో సగానికి పైగా. ఒక్క ఆయిల్ డబ్బా మీద మిగిల్చుకున్న వెయ్యి రూపాయలకి ఇది చాలా పెద్ద వడ్డీ.

ఇంకో ముక్క. క్వార్టర్ నుంచి బాయికి నాలుగైదు కిలోమీటర్లు, మళ్లీ క్వార్టర్‌కి. ఇంత చిన్న ట్రిప్పుల్లో డీపీఎఫ్ పూర్తిగా వేడెక్కదు, మసి కాల్చే పని మధ్యలోనే ఆగిపోతుంది. మసి కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతూ కనిపిస్తే సంతోషపడకండి, ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందని అర్థం. నన్నడిగితే యైటింక్లయిన్ కాలనీ దాటని బండికి బీఎస్6 డీజిల్ అసలు వద్దు.

మన దగ్గర నిజంగా తేడా ఎక్కడుంది

ఇంతవరకు "రామగుండం స్పెషల్ ఏమీ లేదు, మాన్యువల్ చూడు" అన్నట్టు అనిపించి ఉండొచ్చు. గ్రేడు విషయంలో అంతే. కానీ ఆయిల్ ఎన్నాళ్లకి మార్చాలి అనే దగ్గర మన ఊరు నిజంగా స్పెషల్, అక్కడ మాత్రం ఎవరూ మాట్లాడరు.

ఓపెన్‌కాస్ట్‌లో పనిచేసేవాళ్లని అడగండి, డంపర్ సర్వీసు ఎప్పుడు చేస్తారని. కిలోమీటర్లు చెప్పరు, గంటలు చెబుతారు. 250 గంటలు, 500 గంటలు. ఎందుకంటే షావెల్ దగ్గర లోడింగ్ కోసం ఆగినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది, ఆయిల్ పని చేస్తూనే ఉంటుంది. డ్యూటీలో హవర్ మీటర్ చూసే మనిషి, ఇంటికొచ్చి తన కారుకి మాత్రం "ఇంకా పదివేల కిలోమీటర్లు కాలేదు కదా" అంటాడు. మా బాపుతో నాకు ఎప్పుడూ ఇదే వాదన.

చిన్న లెక్క వేద్దాం. పదివేల కిలోమీటర్లు రాజీవ్ రహదారి మీద సగటున గంటకి 50 చొప్పున తిరిగితే ఇంజిన్ నడిచింది 200 గంటలు. అవే పదివేలు గోదావరిఖని చౌరస్తా ట్రాఫిక్‌లో, రైల్వే గేటు దగ్గర, లారీల వెనక, ఏసీ వేసుకుని పిల్లల కోసం స్కూల్ ముందు ఆగుతూ సగటున 20 చొప్పున తిరిగితే 500 గంటలు. ఓడోమీటర్‌కి రెండూ ఒకటే. ఆయిల్‌కి రెండున్నర రెట్లు తేడా. ఫోన్ బ్యాటరీ హెల్త్‌ని కొన్న తేదీని బట్టి కాక చార్జింగ్ సైకిళ్లను బట్టి చూస్తాం కదా. చాలా కార్ల డిస్‌ప్లేలో సగటు స్పీడు చూపిస్తుంది. సర్వీసు నుంచి రాగానే దాన్ని రీసెట్ చేసి, తిరిగిన కిలోమీటర్లని దానితో భాగిస్తే మీ హవర్ మీటర్ మీ చేతిలోనే ఉంటుంది.

రెండోది దుమ్ము. మన రోడ్ల మీద నల్లగా ఉన్నదంతా బొగ్గు అనుకుంటాం. బొగ్గు మెత్తనిది, అది ఇంజిన్‌కి పెద్ద శత్రువు కాదు. బొగ్గు పైనున్న మట్టిని, రాయిని తవ్వి గుట్టలు పోస్తారు చూడండి, ఆ రాయి ఎక్కువగా ఇసుకరాయి. అందులో ఉండే క్వార్ట్జ్ ఇంజిన్‌లోని ఉక్కు కంటే గట్టిది. దానికి తోడు గాలిలో తేలే బూడిద. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చోకపోయినా, చిరిగినా ఆ రేణువులు సిలిండర్‌లోకి, అక్కణ్నుంచి ఆయిల్‌లోకి పోతాయి. ఆయిల్ ఫిల్టర్ పెద్దవాటినే బాగా పట్టుకుంటుంది. పది మైక్రాన్ల లాంటి చిన్నవి చాలావరకు తప్పించుకుంటాయి. బేరింగులో ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే, కాబట్టి అక్కడ పని చేసేది ఆ చిన్న రేణువులే, సానరాయిలాగా. దీనికి చిక్కటి ఆయిల్ మందు కాదు. మురికి ఆయిల్‌ని త్వరగా బయటికి తీసేయడం, ఎయిర్ ఫిల్టర్‌ని టైముకి మార్చడం మందు. ఎయిర్ ఫిల్టర్‌ని కంప్రెసర్ గాలితో గట్టిగా ఊది మళ్లీ పెట్టేయడం మా దగ్గర ఉచిత సేవ. ఆ గాలికి కాగితం పొర దెబ్బతింటే ఫిల్టర్ ఉన్నా లేనట్టే. ఊదించకండి, మార్చేయండి.

ఇదంతా నేను కనిపెట్టింది కాదు. మాన్యువల్ వెనక పేజీల్లో ఎవరూ చదవని టేబుల్ ఒకటుంటుంది, కఠిన పరిస్థితుల్లో సర్వీసు షెడ్యూల్ అని. దుమ్ము రోడ్లు, చిన్న ట్రిప్పులు, ఎక్కువసేపు ఐడ్లింగ్, బాగా వేడిగా ఉండే చోట ఆగుతూ నడపడం అని వరసగా ఉంటాయి. గోదావరిఖని, జ్యోతినగర్, బసంత్‌నగర్ వాళ్లకి అన్నింటికీ టిక్ పడుతుంది. చాలా కంపెనీలు అక్కడ ఆయిల్ గడువుని సగానికి దగ్గరగా తగ్గిస్తాయి. పదివేలు లేదా ఏడాది అన్నది మన లెక్కలో ఐదువేలు లేదా ఆరు నెలలు. సర్వీస్ సెంటర్‌లో ఇది వాళ్లంతట వాళ్లు చెబుతారని ఎదురుచూడకండి.

చిక్కటి గ్రేడుకి ఎప్పుడు సై అంటాను?

ఒకే ఒక్క సందర్భంలో. మాన్యువల్‌లోనే రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటే. టొయోటా మాన్యువల్స్ కొన్నింట్లో 0డబ్ల్యూ-20 మంచిదంటూనే, ఎక్కువ స్పీడులో లేదా బాగా లోడ్ మీద నడిపితే ఇంకాస్త చిక్కటిది నప్పొచ్చని రాసి ఉంటుంది. మే నెలలో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామానుతో హైదరాబాద్‌కి తరచూ వెళ్లొచ్చే బండి అయితే, మాన్యువల్ ఒప్పుకున్న గ్రేడుల్లో చిక్కటిది తీసుకోండి. బయటి ఎండ వల్ల కాదు, ఇంజిన్ మీద పడే లోడ్ వల్ల. మాన్యువల్‌లో లేని గ్రేడు మాత్రం ఎవరు చెప్పినా వద్దు, వారంటీ ఉన్న కారుకైతే అసలే వద్దు.

ఇక మిగతా ప్రశ్నలు టకటకా. ఏ బ్రాండ్ మంచిది? గ్రేడు, స్పెక్ రెండూ సరిపోతే పేరున్న ఏ కంపెనీదైనా ఫర్వాలేదు, నేను ఆ గొడవలోకి రాను. ఫుల్లీ సింథటిక్ అంటే? ఆ మాటకి అందరూ ఒప్పుకున్న ఒకే అర్థం లేదు. 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ దీని మీదే కొట్లాడుకున్నాయి. ముడిచమురు నుంచే బాగా శుద్ధి చేసి తీసిన గ్రూప్ 3 ఆయిల్‌ని కూడా సింథటిక్ అనొచ్చని అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ క్యాస్ట్రాల్ వైపు తేల్చింది. ఫోన్ ప్రకటనల్లో "ఏఐ కెమెరా" అన్నట్టే, ఆ పదం చూసి కాదు, కింద స్పెక్ చూసి కొనండి. విడిగా అమ్మే చిన్న సీసా ఇంజిన్ ట్రీట్‌మెంట్లు? మంచి ఆయిల్‌లో కావాల్సిన మందులన్నీ ముందే కలిపి ఉంటాయి, డబ్బులు దండగ. ఆయిల్ నల్లబడితే పాడైనట్టా? డీజిల్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది, మసిని తనలో పట్టి ఉంచుతోందని అర్థం. బొగ్గు ఊరివాళ్లం, నలుపు చూసి భయపడితే ఎట్లా? మిగిలిన కారు ఆయిల్‌ని బైక్‌లో పోయొచ్చా? గేర్ల బైక్ క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్‌లోని జారుడు మందులకి ఆ క్లచ్ జారిపోవచ్చు. బైక్‌కి జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని రాసున్నదే పోయండి.

చివరిగా నకిలీల సంగతి. నకిలీ చార్జర్లు ఎంత ఉన్నాయో నకిలీ ఆయిల్ డబ్బాలూ అంతే. విడిగా లీటర్ల లెక్కన డ్రమ్ములోంచి పోసేది నాకొద్దు. సీల్ మీ కళ్ల ముందు తీయించండి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఫోటో తీసుకోండి, క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. డబ్బా వెనక ఏపీఐ గుండ్రటి ముద్ర ఉంటే ఆ కంపెనీకి నిజంగా లైసెన్స్ ఉందో లేదో ఏపీఐ సైట్‌లోని డైరెక్టరీలో ఫోన్‌లోనే వెతకొచ్చు, రెండు నిమిషాల పని. "ఎస్‌పీ ప్రమాణాలకు సరితూగుతుంది" అనే వాక్యం వేరు, ఆ ముద్ర వేరు. బిల్లు మీద "ఆయిల్ – 1" అని కాకుండా గ్రేడు, స్పెక్ రాయించండి, రేపు వారంటీ మాట వస్తే అదే సాక్ష్యం. ఆయిల్ పోశాక ఖాళీ డబ్బాని షెడ్‌లో వదిలేసి రాకండి. స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, అడుగున చిల్లు పొడిచి ఇవ్వండి. మా బావ ఇప్పుడు అదే చేస్తున్నాడు. మేస్త్రీ కాస్త చిన్నబుచ్చుకుంటాడు కానీ, ఆ డబ్బాలోకి మళ్లీ ఏదీ ఎక్కదు.